పూటకూళ్ళు, సరాయి, స్వయంపాకం

మాడ్రిడ్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు ఒక ఆదివారం తాను చూసినవీ తిన్నవీ వరుసగా వ్రాసి పంపింది. పొద్దున రేనా సోఫియా మ్యూజియంలో పికాసో గీసిన గెర్నికా, మధ్యాహ్నం మూడింటికి భోజనం, సాయంత్రం అయిదు దాటాక ప్రాడో. ఆ వేళకు ప్రాడోలో ప్రవేశం ఉచితం. ఉత్తరంలో బొమ్మల గురించి పది వాక్యాలుంటే తిండి గురించి ఇరవై ఉన్నాయి. నిర్ణీతమైన ధరకు రెండు వంటకాలు, రొట్టె, పానీయం, చివర ఒక పండో తీపో పెట్టే భోజనం అక్కడ ప్రతి వీధిలోనూ దొరుకుతుందట. 1960లలో పర్యాటకులను దృష్టిలో పెట్టుకొని అక్కడి ప్రభుత్వమే పెట్టించిన ఏర్పాటది. అందులో మా పిల్ల తినగలిగింది సగమే. సాయంత్రం 'వెజిటల్' అన్న పేరు చూసి కొన్న శాండ్‌విచ్‌లో చేప ఉంది. రాత్రి వసతిగృహంలో అన్నం వండుకొని ఆవకాయతో తిన్నదట.

అంత దూరం పంపి చదివిస్తుంటే ఇది తిండి గోలేమిటని ఇంట్లో నొచ్చుకున్నారు. నాకు మాత్రం ఆ పాళ్ళు సరిగానే ఉన్నాయనిపించింది. పరాయి ఊళ్ళో గడిపిన రోజును గురించి మన వాళ్ళు వ్రాసినదీ ఈ పాళ్ళలోనే ఉంది.

క్రీడాభిరామం చదివినవారికి వేరే చెప్పనక్కరలేదు. మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లులో ఒక రోజంతా తిరుగుతారు. కథ అంతకు మించి ఏమీ లేదు. గుళ్ళు, వీధులు, ఆటలు, పాటలు, జనం. ప్రతాపరుద్రుని ప్రియురాలు మాచల్దేవి కొత్త ఇంటి చిత్రశాలలో ప్రవేశోత్సవం జరుగుతుంటే గోడల మీది పౌరాణిక శృంగారగాథల బొమ్మలు చూస్తారు. మ్యూజియమనే మాట మనకు రాకముందే మన కావ్యంలో ఇద్దరు బాటసారులు బొమ్మలు చూశారన్నమాట. ఆకలి వేస్తే పూటకూళ్ళ ఇల్లు. ఒక్క రూకకు కర్పూరభోగి అన్నం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగయిదు నంజుళ్ళు, గడ్డపెరుగు. కవి ధరతో సహా చెప్పాడు, వడ్డించే ఇంటివారి పేరుతో సహా చెప్పాడు. మాడ్రిడ్‌లో పలకమీద సుద్దతో వ్రాసిపెట్టే భోజనపట్టికకూ దీనికీ తేడా ఛందస్సు ఒక్కటే.

అయితే పూటకూళ్ళు రూక ఉన్నవాడి సంగతి. రూక లేని బాటసారి ఏం చేయాలి? ఈ ప్రశ్నకు జవాబు వెదుకుతూ నేను ఓరుగల్లు విడిచి, మేమున్న చోటికే రావలసి వచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దాటి విజయవాడ వెళ్ళే బస్సులన్నీ హయత్‌నగర్ మీదుగానే పోతాయి. నాలుగు శతాబ్దాల కిందట గోల్కొండ రాజ్యానికీ సముద్రానికీ మధ్యనున్న బాట కూడా ఇటే సాగేది. అటు చివర మచిలీపట్నం రేవు. 1611 నాటికే డచ్చివారూ ఇంగ్లీషువారూ అక్కడ వర్తకస్థానాలు పెట్టుకొని ఉన్నారు. అద్దకపు బట్టలు, వజ్రాలు, గుర్రాలు, పారసీకం నుంచి వచ్చే పండితులు, అందరికీ ఇదే దారి. ఈ దారి మీద ఊరు కట్టించినది హయాత్ బక్షీ బేగం. ఆమె నగరనిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు, సుల్తాన్ మహమ్మద్ కుతుబ్‌షా భార్య, అబ్దుల్లా కుతుబ్‌షా తల్లి. మూడు తరాల రాజ్యాన్ని దగ్గరనుంచి చూసిన మనిషి. జనం ఆమెను మా సాహెబా అన్నారు. నేటి మాసాబ్ ట్యాంక్‌లో మిగిలింది ఆ పేరే. 1656లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు, కొడుకు కోటలో ఉండగా శత్రుశిబిరానికి వెళ్ళి సంధి మాట్లాడింది ఆమే. (ఆ ఏడాదే వెలాస్కెజ్ మాడ్రిడ్ రాజప్రాసాదంలో లాస్ మెనీనాస్ గీశాడు. ప్రాడోలో మా పిల్ల దాని ముందే ఎక్కువసేపు నిలబడిందట.)

హయత్‌నగర్‌లో ఆమె పేర మసీదు ఉంది. అయిదు కమానుల ముఖభాగం, రెండు మినార్లు. దాపునే ఏనుగుల బావి, హాథీ బౌలీ. మసీదు ఒక్కటే చూసి వచ్చేస్తే అసలు సంగతి తెలియదు. విశాలమైన ఆవరణ చుట్టూ వందకు పైగా చిన్న చిన్న గదులు వరుసగా కట్టి ఉన్నాయి. అది సరాయి. గదులు బాటసారుల కోసం. అంత నీరూ మనుషుల కోసమూ, బండ్ల ఎడ్ల కోసమూ.

ఇలాంటి సరాయిలో ఒక సాయంత్రం ఎలా గడిచేదో ఫ్రెంచి రత్నవర్తకుడు టావెర్నియర్ వ్రాసిపెట్టాడు. గోల్కొండనుంచి మచిలీపట్నం పోయే దారిలో తెనారా అనే మజిలీని వర్ణించాడు. అక్కడ తోటలతో నాలుగు పెద్ద భవనాలు. వాటిలో అందమైనది రాణిగారిది, అందులో ఇతరులు దిగరాదు. కాని ఆమె లేనప్పుడు బాటసారులు లోపలికి వెళ్ళి చూడవచ్చు, తోటలో తిరగవచ్చు. ముందు విశాలమైన చదరం, దాని చుట్టూ పేద ప్రయాణికులకు చిన్న గదులు. సాయంకాలం అయ్యేసరికి వారికి రొట్టె, అన్నం, వండిన కూరలు పంచుతారు. ఇతరుల చేతి వంట తినని హిందువులకు పిండి, కొంత వెన్న ఇస్తారు. వారు రొట్టె కాల్చుకొని రెండు వైపులా కరిగించిన వెన్న రాసుకుంటారట.

తెనారా అన్నది హయత్‌నగరేనని నేను పట్టుబట్టను. కాని అదే బాట, అదే రాజకుటుంబం, అదే పద్ధతి కట్టడం. హయత్‌నగర్ ఆవరణలో నిలబడి ఆ పుటలు చదువుకుంటే నాలుగు వైపులా గదులు వాటంతటవే నిండిపోతాయి.

నన్ను ఆపినది ఆ పిండీ వెన్నా. మన భాషలో దానికి చక్కని పేరుంది, స్వయంపాకం. పెట్టేవారు తురుష్కులు, పుచ్చుకొనేవారిలో కొందరు వారి వంట ముట్టరు. ముట్టనివాడు ఆకలితో పడుకోవాలని ఎవరూ అనలేదు. తినేవాడికి వండి పెట్టారు, తిననివాడికి వెచ్చాలిచ్చారు. ఇదంతా ఆదర్శలోకమేమీ కాదు. అధికారులకు తోటలున్న భవనాలు, పేదకు చిన్న గది అన్న అంతరం టావెర్నియరే చెప్పాడు. చేతి వంట ముట్టకూడదన్న నియమం ఎవరెవరిని ఎంత దూరంలో కూర్చోబెట్టిందో మనకు తెలియనిదా? అయినా, ఆ దూరాన్ని చెరపలేని కాలంలో కూడా పూట గడిచే ఉపాయం ఒకటి ఎవరో ఆలోచించారు. సరుకులు తూచి ఇవ్వమని ఒక ఉద్యోగికి చెప్పారు. నాకు రాజుల వీరగాథలకంటె ఈ గిడ్డంగి లెక్క గొప్పగా కనిపిస్తుంది.

స్పెయిన్‌లోనూ దీనికి తోబుట్టువు ఉంది. శాంటియాగో యాత్రికుల కోసం ఫెర్డినాండ్, ఇసబెల్లా దంపతులు 1499లో ఆదేశించి కట్టించిన వైద్యశాల, సత్రం 1954లో ప్రభుత్వపు ఖరీదయిన హోటలయింది. అయినా నడిచి వచ్చిన యాత్రికులలో ముందు వచ్చిన పదిమందికి ఉచితంగా భోజనం పెట్టే ఆచారాన్ని అక్కడ నిలుపుకొన్నారు. పదిమందే. పెద్ద సంఖ్య కాదు, కాని ఆ భవనం ఎందుకు పుట్టిందో ప్రతిదినం గుర్తు చేయడానికి చాలు.

మన సరాయికి అలాంటి గుర్తు ఏదీ లేదు. మసీదు రక్షిత కట్టడం, నమాజు జరుగుతుంది కనుక ప్రాణంతో ఉంది. గదులలో కొన్ని శిథిలమయ్యాయి. ఈ దారినే ఉద్యోగాలకు పోయివచ్చే వేలమందిలో హయత్‌నగర్ అంటే బస్సు డిపో అనుకొనేవారే ఎక్కువ. హయాత్ అంటే జీవితమనీ, అది ఒక తల్లి పేరనీ వారికి ఎవరు చెప్పారు కనుక?

విజయవాడ వెళ్ళేటప్పుడు వీలుంటే ఒక గంట ముందు బయలుదేరి ఇక్కడ దిగండి. రోడ్డు విడిచి కాస్త లోపలికి నడవాలి. మసీదును చూశాక ఆవరణ చుట్టూ ఒకసారి నడిచి గదులు లెక్కపెట్టండి, తరువాత బావి చూడండి. శుక్రవారం మధ్యాహ్నం మాత్రం వద్దు, నమాజు రద్దీ ఉంటుంది.