అడ్డు చెప్పిన అమ్మ, అడ్డు నిలిచిన అమ్మ

ఈసారి ఒక నవల గురించి, దాని వెనక ఉన్న కొంచెం చరిత్ర గురించి రాస్తున్నాను. తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి.

నేను సౌదీలో పెరిగాను. చిన్నప్పుడు సైకిలు కావాలని రోజూ అడిగేదాన్ని. "వద్దు బిడ్డా, ఎవరన్న చూస్తే ఏమంటరు" అనేది అమ్మ. మాది జగిత్యాల వైపు. అమ్మకి నా మీద నమ్మకం లేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

కుర్రవయసు పిల్లల కోసం రాసే నవలల్లో అమ్మలు తరచుగా పక్కకి తప్పుకుంటారు. హ్యారీ పాటర్‌నే చూడండి. వాళ్ళమ్మ ప్రాణమిచ్చి వాణ్ణి కాపాడుతుంది. దారి చూపే గురువు మాత్రం గడ్డం తాత డంబుల్‌డోర్. కాపాడేది ఒకరు, నేర్పేది ఇంకొకరు. రెండు పనులూ ఒకే అమ్మ చేసే కథ నాకు సౌదీలోనే దొరికింది.

దాని పేరు వజ్దా. ముందు సినిమాగా వచ్చింది. 2012లో వెనిస్ చిత్రోత్సవంలో చూపించారు. దర్శకురాలు హైఫా అల్ మన్సూర్. పూర్తిగా సౌదీలోనే తీసిన మొదటి పెద్ద సినిమా ఇదే అంటారు. రియాద్ వీధుల్లో మగవాళ్ళతో కలిసి బయట నిలబడి పనిచేస్తే గొడవలయ్యేవి. అందుకని ఆవిడ కొన్నిసార్లు వ్యాన్‌లో కూర్చుని, వాకీటాకీలో చెప్తూ షూటింగ్ చేసింది. అదే కథని 2015లో పిల్లల కోసం 'ది గ్రీన్ బైసికిల్' అనే ఇంగ్లిష్ నవలగా రాసింది.

కథ చిన్నదే. వజ్దాకి ఒక ఆకుపచ్చ సైకిలు కావాలి. అమ్మ వద్దంటుంది. ఆడపిల్లలు సైకిలు తొక్కితే పిల్లలు పుట్టరని భయపెడుతుంది. వజ్దా డబ్బు కోసం బడిలో ఖురాన్ పోటీకి సిద్ధమవుతుంది. ఆ అమ్మకి కూడా తన కష్టాలున్నాయి. డ్రైవర్ వస్తేనే ఉద్యోగానికి వెళ్ళగలదు. భర్త రెండో పెళ్ళికి తయారవుతున్నాడు. అతని మనసు మార్చాలని ఎర్ర గౌను కొనుక్కోవాలనుకుంటుంది.

చివరికి గౌను కొనదు. ఆ డబ్బుతో కూతురికి సైకిలు కొంటుంది.

ఆ అమ్మ పెద్ద ఉపదేశమేమీ ఇవ్వదు. నియమాలన్నీ పాటించినా తనకేం మిగల్లేదని ఆమెకి తెలిసొచ్చింది. ఆ తెలిసినదాన్నే సైకిలు రూపంలో కూతురి చేతికిచ్చింది. నా దృష్టిలో గురువు పని అదే.

సినిమా వచ్చాక దేశం కూడా కొంచెం కొంచెంగా మారింది. 2013లో ఆడవాళ్ళు పార్కుల్లాంటి చోట్ల, అబాయా వేసుకుని, ఇంట్లో మగవాళ్ళు తోడుంటే సైకిలు తొక్కొచ్చని వార్తలొచ్చాయి. 2018 ఏప్రిల్‌లో రియాద్‌లో సినిమాహాలు తెరిచారు. అదే ఏడాది జూన్ 24 నుంచి ఆడవాళ్ళు కారు నడపడం మొదలుపెట్టారు. ఇదంతా ఒక్క సినిమా వల్ల జరిగిందని నేననను. కానీ వజ్దా వాళ్ళమ్మ సైకిలు కొన్నప్పుడు వీటిలో ఏదీ ఇంకా రాలేదు. అందుకే ఆమె చేసింది నాకు పెద్ద పనిగా కనిపిస్తుంది.

పుస్తకం మూసేశాక నాకొకటి గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో ఊరెళ్ళినప్పుడు నాకు సైకిలు నేర్పింది అమ్మే. చీర కొంగు నడుముకి చుట్టుకుని, వెనక క్యారియర్ పట్టుకుని, చెరువు కట్ట మీద పరుగెత్తింది. ఎప్పుడు వదిలేసిందో నాకు తెలియలేదు.

ఈసారి నేను నేర్చుకున్న మాట 'అడ్డు'. అడ్డు చెప్పడం అంటే వద్దనడం. అడ్డు నిలవడం అంటే మనకి దెబ్బ తగలకుండా ముందుకొచ్చి నిలబడటం. రెండింటికీ మాట ఒక్కటే. ఇన్నేళ్ళూ నేను మొదటి అర్థమే విన్నాను.

నిన్న అమ్మకి ఫోన్ చేసి ఈ మాట చెప్పాను. "ఇప్పుడు తెలిసిందా" అని నవ్వింది.