నల్ల మిరియాలు, ఎర్ర మిరియాలు

శంషాబాద్‌లో మా మేడ మీదికి గల్ఫ్ విమానాల చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. ఆ చప్పుడులోనే మొదటి ప్రపంచ యుద్ధపు సిపాయిల ఉత్తరాలు చదువుతున్నాను. ఫ్రాన్సులో సెన్సారు అధికారి హొవెల్ బృందం వాటిని తెరిచి, కొన్ని భాగాలు ఇంగ్లీషులో రాసిపెట్టుకునేది. బ్రిటిష్ లైబ్రరీలో మిగిలినవి ఆ అనువాదాలే. మన హైదరాబాద్ కాంటింజెంట్ నుంచి పుట్టిన దక్కన్ హార్స్ కూడా 1916 జూలై 14న అక్కడ, సొమ్ యుద్ధంలో పోరాడింది.

యుద్ధం సంగతులు రాయనివ్వరు కనుక సంకేతాలు వాడేవారు. నల్ల మిరియాలంటే మన సిపాయిలు, ఎర్రవంటే తెల్లవాళ్లు. చావుల లెక్క చెప్పుకోవడానికి మగవాళ్లకి పోపుల డబ్బానే దిక్కయింది! ఇక మిగతాదంతా పెళ్లిళ్లు, పంటలు, స్నేహితుల క్షేమం. ఈ ప్రశ్నలకి ఇంటి నుంచి ఆడవాళ్లు పంపిన జవాబులు మాత్రం చాలా అరుదు. చదువురాని భార్య మరిదిచేతో పంతులుచేతో రాయించాలి. ఆ మూడోమనిషి ముందు ఏం చెప్పుకోగలదు?

కువైట్‌లో ఉన్న మామయ్యకి అమ్మమ్మ నాచేత ఉత్తరాలు రాయించేది. ఒకసారి అప్పులవాళ్లు ఇంటిమీదికొచ్చిన సంగతి రాయమంది. మామయ్య బెంగపడతాడని అమ్మ కళ్లతోనే వద్దంది. నేను "అందరం క్షేమం" అని రాశాను. అమ్మమ్మ ఆ కాగితం తీసుకుని, కాసేపు చూసి, జాగ్రత్తగా మడిచింది.