చక్కెర కొలత ఇంటికి వచ్చిన వైనం

మా తాతగారికి మధుమేహం ఉండేది. నా చిన్నతనంలో, అంటే 1970లలో, ప్రతి ఉదయమూ మా పెరటి వసారాలో ఒక చిన్న ప్రయోగశాల వెలిసేది. స్పిరిట్ దీపం, గాజు పరీక్షనాళిక, దాన్ని పట్టుకోవడానికి ఒక చెక్క పట్టకారు, సీసాలో నీలపు ద్రవం. ఆ ద్రవం 5 మిల్లీలీటర్లు నాళికలో పోసి, ఎనిమిది చుక్కల మూత్రం వేసి, మంట మీద కాచేవారు. రంగు మారకపోతే చక్కెర లేనట్టు. ఆకుపచ్చ అయితే కొద్దిగా ఉన్నట్టు. పసుపు, నారింజ దాటి ఇటుక రంగుకి వచ్చిందంటే ఆ పూట ఇంట్లో మాటలు తగ్గిపోయేవి. మామ్మ ఆ రంగుని బట్టే అన్నం వడ్డించేది.

ఒకనాటి సాయంత్రం ద్రవం స్వచ్ఛమైన నీలంగా ఉండిపోయింది. అందరమూ సంతోషించాం. తాతగారు ఎప్పటిలాగే ఇన్సులిన్ సూది వేసుకున్నారు. గంట తిరగకుండానే ఒళ్ళంతా చెమటలు పట్టి, మాట తడబడి, ఎదురుగా ఉన్న మమ్మల్ని పోల్చుకోలేని స్థితికి వచ్చారు. ఇంకా మింగగలుగుతున్నారు కనుక మామ్మ పంచదార నీళ్ళు గుక్కగుక్కగా తాగించింది. అలా దక్కారు.

ఆ తప్పు తాతగారిదీ కాదు, మామ్మదీ కాదు. నీలం రంగుది. రక్తంలో చక్కెర డెసిలీటరుకి సుమారు 180 మిల్లీగ్రాములు దాటితే తప్ప మూత్రపిండాలు సాధారణంగా దాన్ని బయటికి వదలవు. కనుక రక్తంలో 150 ఉన్నా నాళికలో నీలమే, 100 ఉన్నా నీలమే, ప్రాణం మీదికి తెచ్చే 40 ఉన్నా నీలమే. పైగా మూత్రం చెప్పేది గడచిన కొన్ని గంటల సంగతి, ఈ నిమిషం సంగతి కాదు. నిన్నటి వార్తాపత్రిక చదివి నేడు గొడుగు పట్టుకెళ్ళాలా వద్దా అని తేల్చుకోవడం లాంటి వ్యవహారం అది.

మధుమేహ చరిత్ర అనగానే ఇన్సులిన్ కథ చెప్పడం మనకి ఆనవాయితీ. అది చెప్పుకోదగ్గ కథే. కాని రోగి రోజూ పడే పాట్లు వేరు. ఇప్పుడు ఎంత తినాలి, ఎంత నడవాలి, ఎంత మందు వేసుకోవాలి అన్న మూడు ప్రశ్నలకీ పూటపూటా తానే సమాధానం వెతుక్కోవాలి. ఆ సమాధానానికి ఆధారం కొలత. ఆ కొలత వైద్యుడి చేతిలోంచి రోగి చేతిలోకి రావడానికి చాలా కాలం పట్టింది. ఆలస్యానికి కారణం సాంకేతికత ఒక్కటే కాదు.

మొదటి కొలమానాలు చీమలు. రోగి మూత్రానికీ, శరీరానికీ చీమలూ పురుగులూ చేరడాన్ని చరకసంహిత ప్రమేహానికి ముందు కనిపించే లక్షణాలలో ఒకటిగా చెప్పింది. సుశ్రుతసంహిత మరో అడుగు ముందుకు వేసి, పుట్టుకతో వచ్చే ప్రమేహమూ, అపథ్యం వల్ల వచ్చే ప్రమేహమూ అని రెండు రకాలుగా విడదీసింది. దాని చికిత్సాభాగంలో ఒక చిత్రమైన సలహా ఉంది. ధనమూ, బంధువులూ లేని రోగి చెప్పులూ గొడుగూ లేకుండా, భిక్షాన్నంతో, ఊరికి ఒక రాత్రి చొప్పున గడుపుతూ వంద యోజనాలు నడవాలట. కృశించిన రోగిని మాత్రం అలా నడిపించకూడదు, కాపాడుకోవాలి అని అక్కడే హెచ్చరిక కూడా ఉంది. బొద్దుగా ఉన్నవాడికీ, చిక్కిపోతున్నవాడికీ ఒకే వైద్యం పనికిరాదన్న గ్రహింపు ఎంత పాతదో చూడండి.

ఐరోపాలో 17వ శతాబ్దంలో థామస్ విల్లిస్ ఈ మూత్రం తియ్యగా ఉంటుందని రాశాడు. అది నాలుకతో తేల్చిన సంగతి. ఆ తీపి చక్కెరేనని 1776లో మాథ్యూ డాబ్సన్ చూపించాడు. మూత్రాన్ని ఇగర్చితే అడుగున పంచదార లాంటి పొడి మిగిలింది. రక్తరసం కూడా తియ్యగా ఉందని గమనించడంతో ఇది మూత్రపిండాల జబ్బు మాత్రమే కాదన్న అనుమానానికి బీజం పడింది. 19వ శతాబ్దంలో ఫ్రెంచి వైద్యుడు బుషార్డా తన రోగులకు తమ మూత్రాన్ని తామే పరీక్షించుకోవడం నేర్పాడు. 1870–71లో పారిస్ ముట్టడిలో తిండి కరువైనప్పుడు తన రోగుల మూత్రంలో చక్కెర తగ్గిందని కనిపెట్టినదీ ఆయనే. రోగి చేతికి కొలత ఇవ్వవచ్చునన్న ఆలోచన అంత పాతది. అయినా తరవాత వంద ఏళ్ళు దాన్ని పదే పదే మరచిపోయాం.

మా వసారాలోని నీలపు ద్రవం అమెరికా రసాయన శాస్త్రవేత్త స్టాన్లీ బెనెడిక్ట్ 1908 ప్రాంతంలో రూపొందించినది. కాపర్ సల్ఫేటు వల్ల దానికి ఆ నీలం. చక్కెర తగిలితే రాగి రూపం మారి ఎర్రటి మడ్డి దిగుతుంది. చవక, తేలిక, దీపం ఉంటే చాలు. అందుకే మన దేశంలో దశాబ్దాల పాటు ఇంటింటి పరీక్షగా నిలిచింది. రక్తంలో చక్కెర కొలవడం అంత తేలిక కాదు. హార్వర్డులో ఓటో ఫోలిన్, హ్సియెన్ వూ కలిసి 1920లో కొద్దిపాటి రక్తంతో పని జరిగే పద్ధతి ప్రకటించారు. అందులోనూ చివరికి పుట్టేది ఒక నీలం రంగే, ఎంత గాఢమైతే అంత చక్కెర. అదే ఫోలిన్ నడిపిన విభాగంలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో భాస్వరాన్ని కొలిచే ప్రసిద్ధ పద్ధతిని ప్రకటించారు. అదీ నీలం రంగు గాఢతను బట్టే. శరీరాన్ని రంగులతో చదవడం నేర్పిన ఆ బల్లల మధ్య ఒక తెలుగువాడు నిలబడ్డాడన్న సంగతి తలచుకుంటే నాకు సంతోషం.

1922 జనవరి 11న టొరాంటోలో పద్నాలుగేళ్ళ లెనర్డ్ థాంప్సన్‌కి తొలి ఇన్సులిన్ సూది వేశారు. మందు శుద్ధంగా లేక అంతగా పనిచెయ్యలేదు. కాలిప్ శుద్ధి చేసిన మందుతో జనవరి 23న మళ్ళీ మొదలుపెట్టాక చక్కెర దిగింది. అంతవరకూ పిల్లలకి ఈ జబ్బు వస్తే ఆకలితో మాడ్చి కొన్నాళ్ళు నిలబెట్టడం తప్ప దారి లేదు. ఇన్సులిన్ ప్రాణాలు నిలిపింది, దానితోపాటే కొత్త ప్రమాదాన్నీ తెచ్చింది. చక్కెర ఎక్కువైతే ముప్పు రోజుల మీదో ఏళ్ళ మీదో వస్తుంది. ఇన్సులిన్ ఎక్కువై చక్కెర పడిపోతే నిమిషాల మీద వస్తుంది. కొలవడం ఇక ప్రతి పూటా తప్పని పని అయింది. బోస్టన్ వైద్యుడు ఇలియట్ జోస్లిన్ రోగులకు పాఠాలు చెప్పి, 1918లోనే వైద్యుడూ రోగీ కలిసి చదువుకోవలసిన పుస్తకమంటూ ఒకటి రాశాడు. ఆహారం, ఇన్సులిన్, వ్యాయామం అనే మూడు గుర్రాల రథాన్ని రోగే తోలాలి అనేవాడాయన. కళ్ళెం ఇచ్చారు సరే, దారి కనపడాలి కదా! దారి చూపేది మాత్రం ఆ మూత్రపు రంగే. 1941లో దీపం అక్కరలేని క్లినిటెస్ట్ బిళ్ళ, 1956లో ముంచి చూసే క్లినిస్టిక్స్ పట్టీ వచ్చాయి. శ్రమ తగ్గింది కాని నీలం రంగు చేసే మోసం తగ్గలేదు.

1960ల మధ్యలో రక్తపు చుక్క వేసి రంగు చూసే డెక్స్ట్రోస్టిక్స్ పట్టీ వచ్చింది. 1970లో ఆ రంగుని కంటికి బదులు చదివే యంత్రం వచ్చింది. బరువు సుమారు మూడు పౌన్లు. అది ఆసుపత్రులకూ వైద్యులకూ ఉద్దేశించినది, రోగులకి అమ్మేవారు కాదు. అమెరికాలో రిచర్డ్ బెర్న్‌స్టీన్ అనే ఇంజనీరు పన్నెండో ఏట నుంచి మధుమేహంతో ఉన్నవాడు. ఈ యంత్రం ప్రకటన చూశాడు. తనకి అమ్మరు. భార్య వైద్యురాలు కనుక ఆమె పేర తెప్పించుకున్నాడు. రోజుకి అనేకసార్లు కొలుచుకుంటూ, ఏ తిండికి చక్కెర ఎంత పెరుగుతోందో, ఎంత ఇన్సులిన్‌కి ఎంత తగ్గుతోందో ఇంజనీరు బుద్ధితో లెక్క కట్టాడు. తన అనుభవాన్ని వ్యాసంగా రాస్తే వైద్య పత్రికలు వేసుకోలేదు. నా మాట వినాలంటే నేనే వైద్యుణ్ణి కావాలి అనుకుని, నలభై అయిదో ఏట వైద్య కళాశాలలో చేరాడు! 2025లో, 90 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. రోగికి కొలత చేతకాదన్నవారికి అంతకన్నా పెద్ద సమాధానం ఏముంటుంది?

1978లో లండన్, నాటింగ్‌హామ్ వైద్యులు రోగులు ఇంట్లోనే తమ రక్తపు చక్కెర కొలుచుకోగలరని లాన్సెట్ పత్రికలో చూపించారు. ఇంతకీ కొలిచి, కట్టుదిట్టం చేస్తే లాభమేమిటి? దీనికి నిక్కచ్చి జవాబు 1993లో వచ్చింది. అమెరికా, కెనడాలలో 1,441 మందితో పదేళ్ళు నడిచిన డీసీసీటీ పరిశోధనలో, చక్కెరను కట్టుదిట్టంగా ఉంచుకున్నవారిలో కంటి జబ్బు కొత్తగా రావడం 76 శాతం తగ్గింది. అదే పరిశోధన రెండో మాట కూడా చెప్పింది. చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం వారిలో దాదాపు మూడు రెట్లు పెరిగింది. మా తాతగారి సాయంత్రం ఆ రెండో మాటలో ఉంది. పెద్ద వయసులో వచ్చే రకం మీద బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ 1998లో దాదాపు అదే దిశగా తీర్పు చెప్పింది.

ఈ పరిశోధనలకి వెన్నెముక హెచ్‌బీఏ1సీ. మధుమేహ రోగుల హీమోగ్లోబిన్‌లో ఒక తేడాని 1960ల చివర టెహ్రానులో శామ్యూల్ రహబర్ గమనించాడు. చక్కెర అంటుకున్న హీమోగ్లోబిన్ ఎంతో చూస్తే రెండు మూడు నెలల సగటు తెలుస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రెండు రోజులు పథ్యం చేసి పరీక్షకి కూర్చునే మన అలవాటు దాని ముందు సాగదు. అయితే సగటు కూడా మోసం చేస్తుంది. రోజంతా 150 దగ్గర నిలకడగా ఉన్నవారికీ, 50కీ 250కీ మధ్య ఊగేవారికీ సగటు ఒకటే కావచ్చు.

చర్మం కింద సన్నని తీగ ఉంచి, ఎడతెరిపి లేకుండా కొలిచే పరికరానికి 1999లో అమెరికాలో అనుమతి వచ్చింది. చిత్రమేమంటే, అది ధరించిన రోగికి అంకెలు కనపడేవి కావు! మూడు రోజుల తరవాత వైద్యుడు దింపుకుని చూడాలి. పాత కథ మళ్ళీ పునరావృతం. రోగికి అప్పటికప్పుడు అంకె చూపించే పరికరాలు ఆ తరవాత వచ్చాయి. 2013లో కొందరు తల్లిదండ్రులూ, ప్రోగ్రామర్లూ "మేము ఇక ఆగము" అంటూ, పిల్లల చక్కెర అంకెలను దూరం నుంచి ఫోనులో చూసే నైట్‌స్కౌట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు రాసుకున్నారు. 2014లో పద్నాలుగు రోజులు చేతికి అంటిపెట్టుకునే బిళ్ళ ఐరోపాలో వచ్చింది. 2016లో ఆ అంకెలని బట్టి ఇన్సులిన్ మోతాదుని కొంతవరకు తానే సర్దే పంపుకి అమెరికాలో అనుమతి లభించింది. 70కీ 180కీ మధ్య రోజులో ఎంత భాగం గడిచిందన్నది ఇప్పుడు కొత్త లెక్క. చాలామందికి 70 శాతం లక్ష్యమని 2019లో నిపుణులు ఒప్పుకున్నారు.

మరి మన సంగతి? 2023లో ప్రచురించిన ఐసీఎంఆర్–ఇండియాబ్ సర్వే లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం, మరో 13.6 కోట్ల మంది దాని వాకిట్లో ఉన్నారు. రెండు వారాల బిళ్ళకి వేల రూపాయలు పోయగలిగేవారు అందులో ఎందరు? వేలు పొడిచి కొలిచే పట్టీని కూడా పొదుపుగా వాడుకునే ఇళ్ళే ఎక్కువ. ఇన్సులిన్ కొలతలోనూ మనకో చిక్కుంది. మన దగ్గర సీసా మందు ఎక్కువగా మిల్లీలీటరుకి 40 యూనిట్లది, కలాలలో వచ్చేది 100ది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. ఎర్ర మూత సిరంజితో 100 మందు లాగితే మోతాదు రెండున్నర రెట్లవుతుంది. ఈ ఒక్క ముక్క పెద్దవాళ్ళున్న ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

కంచంలో కొలత మరొకటి. కూనూరు నుంచి 1958లో హైదరాబాదు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ మన తిండి గింజల్లో, కూరల్లో ఏముందో పట్టికలు కట్టి ఇచ్చింది. వాటిని కంచం దాకా తెచ్చే పని ఇంకా మిగిలే ఉంది. "షుగరు కదా, అన్నం మానేశాను" అని నాలుగు చపాతీలు తినేవారు మన చుట్టూ ఎందరో! ఖర్చు లేని మార్గానికి మాత్రం మన దగ్గరే రుజువుంది. జబ్బు వాకిట్లో ఉన్న 531 మందితో చేసిన చెన్నై పరిశోధన 2006లో వెలువడింది. తిండి, నడక మార్చుకున్నవారిలో మధుమేహం రావడం 28.5 శాతం తగ్గింది, మెట్‌ఫార్మిన్ బిళ్ళతో 26.4 శాతం. సుశ్రుతుడి వంద యోజనాలు అక్కరలేదు కాని, నడక మాట మాత్రం ఆయనదే.

ఆ సాయంత్రం తరవాత తాతగారు ఒక పని చేశారు. రంగులు రాసుకునే లెక్కల పుస్తకంలో ఇంకొక గడి గీశారు. దాని నెత్తిన "చెమట, వణుకు, ఆకలి" అని రాశారు. నీలం వచ్చిన పూట ఆ గడి కూడా చూసుకున్నాకే సూది ముట్టుకునేవారు. ఏదైనా తేడా ఉంటే ముందు మూడు చెంచాల పంచదార, పావుగంట ఆగడం, తరవాతే మిగతావి. ఎవరూ ఆయనకి చెప్పలేదు. నేటి వైద్యులు చెప్పేదీ దాదాపు ఇదే. ఆ పుస్తకం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. నా మీటరు చూపే అంకెను రాసుకునేటప్పుడు నేను కూడా పక్కన ఆ గడి వదలకుండా గీసుకుంటున్నాను.