బాండ్ పేపర్ ఫోటో, గెజిట్ పీడీఎఫ్: ఇందూరు పసుపు బోర్డు కథ

ఈరోజు ఒక ఫోటోతో మొదలుపెడదాం. 2019 లోక్‌సభ ఎన్నికల టైంలో నిజామాబాద్‌లో ఏ వాట్సాప్ గ్రూప్ తెరిచినా అదే. స్టాంప్ పేపర్, దాని మీద బీజేపీ అభ్యర్థి ధర్మపురి అరవింద్ గారి సంతకం. గెలిచిన ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తా, లేకపోతే రాజీనామా చేసి రైతులతో కలిసి కొట్లాడతా అని అందులోని మాట.

స్టాంప్ పేపర్ అంటే మనకు ఏం గుర్తొస్తది? భూమి కాగితం, అప్పు కాగితం. అంటే తప్పించుకోలేని మాట. నిజానికి ఎన్నికల హామీని బాండ్ పేపర్ మీద రాసినా దాన్ని పట్టుకుని కోర్టులో అమలు చేయించుకోలేం. కానీ ఫోన్ స్క్రీన్ మీద దాని రూపమే సగం పని చేసేసింది. ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం లాగా కనిపిస్తే చాలు, మనం నమ్మడానికి రెడీగా ఉంటాం.

అదే ఎన్నికలో ఇంకో కాగితం కూడా ఉంది. దాన్ని మాత్రం ఎవరూ ఫార్వర్డ్ చేయలే.

ఆర్మూర్, బాల్కొండ వైపు పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కోసం అప్పటికే రోడ్డెక్కి ఉన్నరు. వాళ్లు చేసిన పని దేశమంతా చూసింది: 178 మంది రైతులు నామినేషన్ వేసి బరిలో నిలబడ్డరు. మొత్తం అభ్యర్థులు 185 మంది. పేపర్ బ్యాలెట్ పెట్టాలా అనే దాకా పోయింది. చివరికి ఏప్రిల్ 11న ఒక్కో పోలింగ్ బూత్‌లో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టి ఈవీఎంలతోనే జరిపిండ్రు. ఒక్కో యూనిట్‌లో 16 పేర్లు. నోటాతో కలిపి 186. లెక్క మీరే వేస్కోండి.

ఇప్పుడు ఆ రెండో కాగితం. నామినేషన్ వేసే ప్రతి ఒక్కరూ ఆస్తులు, అప్పులు, కేసులు, చదువు రాసి అఫిడవిట్ ఇవ్వాలి. 2002, 2003లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల వల్ల వచ్చిన రూల్ ఇది. అందులో అబద్ధం రాస్తే శిక్ష ఉంది: ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అంటే చట్టం దృష్టిలో బలం ఉన్న కాగితం ఇదన్నమాట. అవి ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోకి ఎక్కుతాయి. ఒక జిల్లా రైతులు ఇంతమంది తమ భూమి, తమ అప్పు సంతకం పెట్టి ప్రభుత్వ సైట్‌కి ఎక్కించడం మామూలు విషయం కాదు. నా దృష్టిలో అది ధర్నా కంటే పెద్దది. కానీ స్కాన్ చేసిన పీడీఎఫ్. సెర్చ్ కొడితే లోపలి మాట దొరకదు. ఇంజినీర్‌గా చెప్తున్నా, దొరకని సమాచారం లేనట్టే.

సిట్టింగ్ ఎంపీ కవిత గారు పసుపు బోర్డు కోసం పార్లమెంట్‌లో ప్రైవేట్ మెంబర్ బిల్లు పెట్టినవారే. అయినా 70,875 ఓట్ల తేడాతో ఓడిపోయిండ్రు. మే 23న ఫలితం వచ్చింది. ఐదు రోజులు గడిచినయ్. 2020లో స్పైసెస్ బోర్డు ప్రాంతీయ కార్యాలయం అన్నరు. రైతు అడిగింది అది కాదు. 2023 మార్చిలో పసుపు బోర్డు ఆలోచన లేదని పార్లమెంట్‌లో కేంద్రం జవాబిచ్చింది. అంతే, రాత్రికి రాత్రి ఊళ్లో పసుపు రంగు ఫ్లెక్సీలు లేచినయ్, ఎంపీ గారు తెచ్చిన బోర్డు ఇదే అని వెక్కిరిస్తూ. పాత కాలంలో అయితే ఆ జవాబు పార్లమెంట్ లైబ్రరీలో దుమ్ము పట్టేది. ఇప్పుడు మీమ్ అయింది, గోడ మీదికి ఎక్కింది, మళ్లీ ఫోన్లోకి వచ్చింది.

అదే ఏడాది అక్టోబర్ 1న మహబూబ్‌నగర్‌లో ప్రధాని బోర్డు ప్రకటించిండ్రు. 4న నోటిఫికేషన్. అప్పటికి అసెంబ్లీ ఎన్నికలు నెలన్నర, రెండు నెలల దూరంలోనే ఉన్నయ్. టైమింగ్ గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. నిజామాబాద్‌లో బోర్డు ప్రారంభమైంది మాత్రం 2025 జనవరి 14న, సంక్రాంతి రోజు. అరవింద్ గారు ఆలోపే 2024లో రెండోసారి గెలిచిండ్రు. ఆలస్యమైనా బోర్డు వచ్చింది కదా అనేవాళ్ల మాటలో కూడా న్యాయముంది.

మరి బోధన్? నిజాంసాగర్ నీళ్ల మీద పుట్టిన చెరకు, 1937లో మొదలైన నిజాం షుగర్స్, ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీల్లో ఒకటి. 2002లో మెజారిటీ వాటా ప్రైవేట్‌కి పోయింది. 2015 డిసెంబర్‌లో తాళం పడింది. మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ వైపు మంబోజిపల్లి యూనిట్లకూ అదే గతి. ప్రతి ఎన్నికలో తెరిపిస్తామంటరు. 2024 జనవరిలో మంత్రి శ్రీధర్ బాబు అధ్యక్షతన కమిటీ కూడా వేసిండ్రు.

ఇలాంటి మాట ఎంతవరకు వచ్చిందో తెలుసుకోవాలంటే జీవో చూడాలి. జీవో ఆన్‌లైన్‌లో ఉండాలి. 2021 ఆగస్టులో తెలంగాణ హైకోర్టు జీవోలను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టమని చెప్పాల్సి వచ్చింది. సరిగ్గా అదే నెలలో పక్కన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోల సైట్‌నే ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ తెరిచిండ్రు. రెండు రాష్ట్రాలు, రెండు వేర్వేరు పార్టీలు. తలుపు మూయాలన్న ఆలోచన మాత్రం ఒక్కటే.

శక్కర్‌నగర్‌లో పనిచేసి ఇంటికొచ్చిన ఒక పెద్దాయన, మాకు తెలిసినవాళ్లే, నా చేతికి ఫోన్ ఇచ్చి "మన ఫ్యాక్టరీ జీవో వచ్చిందేమో చూడు బిడ్డా" అన్నడు. శాఖ ఎంచుకో, తేదీ ఎంచుకో, నంబర్ కొట్టు అంటది సైట్. ఆయనకు ఆ నంబరే కదా కావాల్సింది. పావుగంట కిందా మీదా పడ్డా. ఆలోపు ఆయన గ్రూప్‌లో "ఫ్యాక్టరీ ఓపెన్" అని ఎవరో పెట్టిన పోస్టర్ మోగింది. ఆయన ఫోన్ వెనక్కి తీసుకుని దాన్ని జూమ్ చేసి చూడటం మొదలుపెట్టిండు, కింద తేదీ ఉందేమోనని.