తీగ కింది అయస్కాంతం: ఊద్, గిటారు, మాండలిన్

దోహాలోని కతారా సాంస్కృతిక గ్రామంలో 2011లో మొదలైన ఖతార్ మ్యూజిక్ అకాడమీలో అరబ్ సంగీతాన్నీ పాశ్చాత్య సంగీతాన్నీ పక్కపక్కనే నేర్పుతారు. ఈ నగరంలో ఉద్యోగాలు చేసుకునే తెలుగువారు సాయంత్రం ఊద్ కచేరీ విని, ఇంటికి వచ్చి మాండలిన్ శ్రీనివాస్ రికార్డు పెట్టుకోవడంలో వింతేమీ లేదు. రెండూ మీటి వాయించే వాద్యాలే. రెండింటిలోనూ స్వరం పుట్టిన మరుక్షణం నుంచే క్షీణిస్తుంది. అయినా ఒకటి అయస్కాంతపు పికప్‌ను తనలో కలుపుకొని దాదాపు కొత్త వాద్యంగా మారింది. రెండవది నేటికీ ఎక్కువగా మైకు ముందే కూర్చుంటోంది. ఇది సంప్రదాయాభిమానపు తేడా అని తేలిగ్గా అనేస్తుంటాం. అసలు కారణం చాలావరకు తీగలో ఉంది.

పికప్ అంటే, స్థూలంగా, అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన వెంట్రుకంత రాగి తీగ. ఆ అయస్కాంత క్షేత్రంలో ఉక్కు తంత్రి కంపిస్తే చుట్టలో విద్యుత్తు పుడుతుంది. గాలిలోని శబ్దంతో దానికి పెద్దగా పనిలేదు. తంత్రి కదలికే దానికి సంగీతం. ఊద్ పైస్థాయి తంత్రులు ఒకప్పుడు పేగువి, ఇప్పుడు నైలానువి. మంద్ర తంత్రులు పట్టు లేదా నైలాను పోగుల మీద వెండిపూత రాగిని చుట్టినవి. అయస్కాంతం లెక్కలో ఇవేవీ లేనట్టే. కాబట్టి ఊద్ విద్వాంసుడికి మిగిలేవి మైకు, లేదా బ్రిడ్జి కింద అమర్చే పీజో స్ఫటికం. పీజో ఒత్తిడిని కొలుస్తుంది. అందువల్ల రీషా తంత్రిని తాకిన దెబ్బ అవసరానికి మించి వినిపిస్తుంది, ఆ తరువాతి నాదం పలుచబడుతుంది. పెద్ద మందిరాల్లో ఊద్ ఒక్కోసారి ప్లాస్టిక్ పెట్టెలా మోగడానికి కారణం ఇదే.

ఇక ఉక్కు తంత్రుల కథ. 1931లో జార్జ్ బోషాంప్ నమూనా తయారుచేయగా, మరుసటి సంవత్సరం రికెన్‌బాకర్ సంస్థ అమ్మకానికి పెట్టిన తొలి విద్యుత్ గిటారు అల్యూమినియంతో పోత పోసినది. ఆకారాన్ని బట్టి దానికి పెనం అని ముద్దుపేరు పడింది. దాన్ని ఒడిలో పెట్టుకొని, మెట్ల మీద వేళ్లు నొక్కకుండా, లోహపు కడ్డీని జార్చి వాయించేవారు. హవాయి పద్ధతి అది. మన గోటువాద్యం తెలిసినవారికి ఈ సంగతి ఆసక్తి కలిగిస్తుంది: విద్యుత్ గిటారు పుట్టుకలోనే జారు ఉంది. అప్పుడు కావలసింది వాద్యబృందంలో వినబడేంత గట్టిదనం. తక్కిన గుణాలన్నీ అనుకోకుండా వచ్చాయి.

ఆ గుణాలనే నేడు పాత గిటార్ల ప్రియులు వేలకు వేలు పోసి కొంటున్నారు. 1936 నాటి గిబ్సన్ ఈఎస్-150లో తంత్రులన్నింటి కిందా ఒకే ఉక్కు పలక అడ్డంగా ఉండేది. దాని నాదం బరువైనది, గుండ్రనిది. 1946లో వచ్చిన పీ-90లో కాస్త గరుకుదనం ఉంది. 1954 నాటి ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో ఒక్కొక్క తంత్రి కింద ఒక్కొక్క చిన్న అయస్కాంతపు కడ్డీ. దాని మోత సన్నగా, గాజు తునకలా ఉంటుంది. చుట్లు పెరిగితే శబ్దం పెరుగుతుంది, పైస్థాయి మెరుపు తగ్గుతుంది. బ్రిడ్జికి దగ్గరగా ఉంటే అనుస్వరాలు ముందుకు వస్తాయి, దూరంగా ఉంటే మూలస్వరం నిండుగా పలుకుతుంది. చుట్టలో పుట్టే రొదను వదిలించడానికి గిబ్సన్ ఇంజనీరు సెత్ లవర్ రెండు చుట్టలను ఎదురెదురు దిశల్లో కలిపాడు. ఆ హంబకర్ 1957లో గిటార్లకెక్కింది. పేటెంటు దరఖాస్తు చేశామని తెలిపే చిన్న కాగితం అంటించి ఉండటంతో, వాటిని ఆ మూడు మాటల తొలి అక్షరాలతో పీఏఎఫ్ అంటారు. తంత్రిని రెండుచోట్ల ఒకేసారి చూడటం వల్ల కొన్ని పై అనుస్వరాలు రద్దయి, నాదం మెత్తబడుతుంది. అన్నట్టు, పేటెంటు వచ్చాక అంటించిన కాగితం మీది సంఖ్య పికప్‌ది కాదు, లెస్ పాల్ పేరిట ఉన్న మరొక భాగానిది. కావాలని చేశారో, పొరబాటో, ఇప్పటికీ ఔత్సాహికులు వాదించుకుంటూనే ఉంటారు.

అయితే ఏ రెండు పీఏఎఫ్‌లూ ఒకలా మోగవు. చుట్టే యంత్రాన్ని ఎక్కడ ఆపాలన్నది పనివారి అంచనా; అయస్కాంతం ఆ రోజు చేతికందిన రకం. కనుక పాత పికప్‌ల నాదం ఇలా ఉంటుంది అని సామాన్య సూత్రం చేసేవారిని అనుమానంతోనే వినాలి.

ఈ తూకాలన్నీ గిటారు కోసం వేసినవి. గమకం కోసం వేస్తే ఫలితం మారుతుంది. దానికి పాలకొల్లు వెళ్లాలి.

1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు. సుబ్బరాజుగారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడితే పిల్లవాడు దాన్ని వాద్యం మీద పలికించేవాడు. ఈ వివరం ముఖ్యమైనదని నా అభిప్రాయం. వాద్యానికి ఏది సులువన్నది నేర్పేవారు లేకపోవడంతో, గొంతు ఏది పలికితే అదే ఆ వాద్యమూ పలకవలసి వచ్చింది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ, 1981లో మద్రాసు ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదిక. విదేశీ వాద్యం, పైగా కరెంటుది అన్న సందేహాలు అప్పుడు వినిపించాయి.

సాధారణ మాండలిన్‌లో నాలుగు జతల తంత్రులుంటాయి. జతను పక్కకు లాగితే రెండు తంత్రులూ ఒకే కొలతలో సాగవు, శ్రుతి చీలుతుంది. బోలు శరీరం తంత్రి శక్తిని త్వరగా తాగేస్తుంది. నాదం చిటుక్కుమని ఆగిపోతుంది. అందుకే ఆ వాద్యంలో ఒకే స్వరాన్ని గబగబా తిరిగి మీటే అలవాటు పుట్టింది. శ్రీనివాస్ వాయించినది జతలు తీసేసిన, ఐదు ఒంటి తంత్రుల విద్యుత్ మాండలిన్. జతలు తీసేయడం ఒక్కచోట జరిగిన పని కాదు: ఫెండర్ 1956లోనే నాలుగు ఒంటి తంత్రుల ఘనశరీరపు మాండలిన్ చేసింది, బ్రెజిల్‌లోని బయా ప్రాంతంలో అలాంటి వాద్యానికే అర్మాండిన్యో ఐదవ తంత్రి చేర్చాడు. కాని ఆ ఇద్దరికీ గమకం అక్కరలేదు. గట్టి చెక్క శక్తిని తాగదు, కాబట్టి నాదం నిలుస్తుంది; నిలిచిన నాదం మీదే కంపితం, జారు సాధ్యం. కాని గట్టి చెక్క తనంతట తాను దాదాపు వినిపించదు. అంటే అక్కడ పికప్ శబ్దాన్ని పెంచే పరికరంగా కాక, వీణకు కుండలా, వాద్యంలో ఒక అవయవంగా ఉంది.

గిటారు చర్చల్లో అంతగా పట్టించుకోని ఒక ఇబ్బంది ఇక్కడ ఎదురవుతుంది. గమకం కోసం తంత్రిని పక్కకు లాగితే అది తన కింది అయస్కాంతపు కడ్డీ మీది నుంచి తొలగిపోతుంది, శబ్దం కాస్త తగ్గుతుంది. గిటారులో ఇది అరుదైన సమస్య; మన సంగీతంలో ప్రతి ఆవర్తంలోనూ జరిగేది. ఈ దృష్టితో చూస్తే, సంగ్రాహకులు ఆరాధించే స్ట్రాటోకాస్టర్ కడ్డీల కన్నా, 1936 నాటి ఆ అడ్డపలకే కర్ణాటక సంగీతానికి దగ్గరది. తంత్రి ఎటు జరిగినా పలక దాని కిందే ఉంటుంది. పాత గిటారు పికప్‌ను తెచ్చి మాండలిన్‌కు బిగించాలనుకునే నేటి యువకులు ధర కన్నా ముందు ఆలోచించవలసినది ఈ విషయం.

ఒంటి చుట్ట పికప్‌తో గల్ఫ్‌లో మరో చిక్కుంది. ఖతార్‌లోనూ భారతదేశంలోనూ కరెంటు సెకనుకు 50 ఆవర్తాలది, అమెరికాలో 60. ఆ రొదకు శ్రుతి ఉంటుంది. 50 ఆవర్తాల రొద ఐదు శ్రుతి షడ్జానికి సుమారు 35 సెంట్లు పైన పలుకుతుంది. అమెరికాది ఆరున్నర, ఏడు శ్రుతుల మధ్య సరిగ్గా నడిమిన పడుతుంది. రెండుచోట్లా తంబూరా పక్కన పిలవని మరో తంబూరా కూర్చున్నట్టే. రాక్ సంగీతంలో డప్పుల హోరు దాన్ని కప్పేస్తుంది. ఆలాపనలో, తనివర్తనానికి ముందు వచ్చే నిశ్శబ్దంలో, అది బయటపడుతుంది. హంబకర్ ఆ రొదను తీసేస్తుంది, దానితోపాటు పైస్థాయి మెరుపులో కొంత తీసుకుపోతుంది. ఏది వదులుకోవాలన్నది వాద్యకారుడి నిర్ణయం. నా చెవికి మాత్రం ఆలాపనలోని నిశ్శబ్దమే ఎక్కువ విలువైనది.

నాదం నిలవడమనే ఈ సమస్యకు మరో కొస నుంచి పరిష్కారం వెతికినవాడు కెనడా గిటారు వాద్యకారుడు మైకేల్ బ్రూక్. ఆయన చేసిన ఇన్ఫినిట్ గిటార్‌లో పికప్ గ్రహించిన సంకేతమే తిరిగి తంత్రిని నడుపుతుంది. స్వరం ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలుస్తుంది. 1995లో ఆయన, శ్రీనివాస్ కలిసి చేసిన డ్రీమ్ రికార్డు రియల్ వరల్డ్ సంస్థ నుంచి వచ్చింది. దాన్ని వినేటప్పుడు ఎడతెగక నిలిచే స్వరం, ఎక్కడ ఆగుతుందో తెలిసి నడిచే స్వరం పక్కపక్కన ఉన్నాయని గమనించవచ్చు. రెండింటి కిందా ఉన్నది అదే అయస్కాంతం, అదే రాగి చుట్ట.