వెదకడానికి వెళ్లిన ఇద్దరు

తప్పిపోయిన గొర్రె ఉపమానం మనకు సండేస్కూలు నుండీ తెలుసు. అందులో కాపరి గొర్రెను భుజాలమీద వేసుకొని సంతోషంగా ఇల్లు చేరతాడు. 1929లో ఆస్ట్రేలియాలో వెదకబోయినవారి కథ వేరుగా ముగిసింది. ఈ వారం ఆ చరిత్ర మీ ముందు ఉంచుతున్నాము.

ముందు తగాదా సంగతి. చార్లెస్ కింగ్స్‌ఫర్డ్ స్మిత్, కీత్ ఆండర్సన్ ఇద్దరూ విమాన చోదకులు, వ్యాపారంలో భాగస్తులు. పసిఫిక్ మహాసముద్రం దాటాలని కలిసి పథకం వేసుకొని అమెరికా వెళ్లారు. డబ్బు అయిపోయింది. ఆండర్సన్ స్వదేశానికి తిరిగి వచ్చాడు. ఆ తరువాత సహాయం దొరికి, 1928లో కింగ్స్‌ఫర్డ్ స్మిత్, చార్లెస్ ఉల్మ్ 'సదరన్ క్రాస్' విమానంలో ఆ సముద్రం దాటి ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. ఆండర్సన్ ఆ విమానంలో లేడు. అతడు కోర్టుకెక్కాడు. స్నేహితుల మధ్య వ్యాజ్యం ఎంత చేదుగా ఉంటుందో మన ఊళ్లలో పొలం గట్ల తగాదాలు చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు.

1929 మార్చి 31న అదే సదరన్ క్రాస్, నలుగురితో, వాయవ్య ఆస్ట్రేలియాలో దారి తప్పి ఒక బురదనేలమీద దిగిపోయింది. దేశమంతా వెదుకులాట. ఆండర్సన్ కూడా బయలుదేరాడు! తోడుగా మెకానిక్ బాబ్ హిచ్‌కాక్. విమానం ఇద్దరు పట్టే చిన్నది, పేరు 'కూకబర్రా'. అది ఆ దేశపు ఒక పక్షి పేరు.

ఏప్రిల్ 10 ఉదయం ఆలిస్ స్ప్రింగ్స్ నుండి లేచి, వేవ్ హిల్ వైపు టనామీ ఎడారిమీదుగా వెళ్తుండగా ఇంజను బలం తగ్గింది. కారణం చాలా చిన్నది: వాల్వును తెరిపించే సన్నని కడ్డీ, పుష్ రాడ్ అంటారు, వదులయ్యింది. ఎడారిలో దించక తప్పలేదు. దింపడం బాగానే దింపారు. ఇంజనును కూడా సరిచేసుకున్నారు. కాని చుట్టూ పొదలు, కాలు దిగబడే ఇసుక. పైకి లేవడానికి చాలినంత చదును నేల లేదు. పొదలు తగలబెట్టి దారి చేయాలని చూశారు. ఆ ఎండలో, ఆ పనికి, వారి దగ్గరున్న నీళ్లు ఏ మూలకు? రేడియో కూడా లేదు. ఆండర్సన్ తమ స్థితిని విమానం తోకనున్న చుక్కాని గుడ్డమీద రాసిపెట్టాడు.

వారు దిగిన రెండు రోజులకే, ఏప్రిల్ 12న, 'కాన్‌బెర్రా' అనే మరో విమానం సదరన్ క్రాస్‌ను కనుగొన్నది. నలుగురూ ప్రాణాలతో ఉన్నారు. ఆ కబురు ఎడారిలో ఉన్న ఇద్దరికీ చేరే దారి లేదు.

ఏప్రిల్ 21న క్వాంటాస్ పైలట్ లెస్టర్ బ్రెయిన్ పైనుండి కూకబర్రాను చూశాడు. రెక్క నీడలో ఒక మనిషి, కదలిక లేదు. చార్లెస్ ఈటన్ నాయకత్వంలో గుర్రాలమీద వెళ్లిన బృందం 29న అక్కడికి చేరింది. ఆండర్సన్ శరీరం కొంత దూరంలో దొరికింది. దాహమే ఇద్దరినీ చంపింది.

ప్రచారం కోసమే సదరన్ క్రాస్ తప్పిపోయినట్లు నటించిందని జనం గుసగుసలాడారు. విచారణ సంఘం ఆ నిందను కొట్టివేసింది. ఆండర్సన్ సిద్ధపాటును మేము పొగడలేము. ఎడారిమీదికి అన్ని తక్కువ నీళ్లతో వెళ్లడం తెగింపే గాని తెలివి కాదు. అయినా కోర్టుకీడ్చినవాని కోసం ఎవరైనా అంత దూరం పోతారా? కీర్తి కోసం పోయాడని కొందరనవచ్చు. మనసులో ఏముందో మేమెరుగము. పోయిన దిక్కు మాత్రం ఎరుగుదుము.

ఆండర్సన్‌ను ఆ జూలైలో సిడ్నీ దగ్గర మోస్మన్‌లో, హిచ్‌కాక్‌ను పెర్త్‌లో సమాధి చేశారు. విమానం ఇసుకలోనే ఉండిపోయింది. 1978లో డిక్ స్మిత్ అనే వ్యాపారవేత్త దాని శిథిలాన్ని వెదకి కనుగొన్నాడు. ఇప్పుడది వారు ఆ ఉదయం బయలుదేరిన ఆలిస్ స్ప్రింగ్స్‌లోనే, చూడవచ్చినవారి కోసం ఉంచబడి ఉంది.