తెలిసిన కథ, తెల్లవార్లూ

ఫలితం ముందే తెలిసిన పాత ఆటను గంటల తరబడి చూడడమెందుకని ఒక మిత్రుడు ప్రశ్నించారు. మన వైపు ఈ ప్రశ్నకు జవాబు ఎన్నడో దొరికింది. కురుక్షేత్రంలో గెలిచేదెవరో ఎరుగనివారు లేరు. అయినా పద్యనాటకం వేస్తున్నారంటే తెల్లవార్లూ కూర్చున్నాము. రాయబారం ఫలించదని తెలిసే కృష్ణుని పద్యానికి "వన్స్ మోర్" అన్నాము.

పదవీ విరమణ తరువాత నాకు అబ్బిన వ్యసనం పాత పూల్, స్నూకర్ పోటీలను చూడడం. ఈ బల్లమీది ఆటలు మనకు బొత్తిగా పరాయివి కావు. స్నూకర్ 1875లో జబల్పూరులో, ఆంగ్ల సైనికాధికారుల మధ్య పుట్టిందని ప్రతీతి. 1958లో కలకత్తాలో ప్రపంచ అమెచ్యూర్ బిలియర్డ్స్ పోటీ గెలిచిన విల్సన్ జోన్స్ మనవాడే.

చూడదగినవాటిలో మొదటిది 1985 ప్రపంచ స్నూకర్ ఫైనల్. ఇంగ్లండులోని షెఫీల్డులో స్టీవ్ డేవిస్, డెనిస్ టేలర్ తలపడ్డారు. డేవిస్ తొలుత 8-0 ఆధిక్యంలో ఉన్నాడు. టేలర్ ఒక్కొక్క ఫ్రేమే కూడగట్టుకుంటూ 17-17కు చేర్చాడు. చివరి ఫ్రేములో సైతం అన్ని బంతులూ పోయి నల్లబంతి ఒక్కటే మిగిలింది. అర్ధరాత్రి దాటినా బ్రిటనులో కోటీ ఎనభై అయిదు లక్షలమంది టీవీల ముందు మేల్కొని ఉన్నారు. డేవిస్ కొట్టిన దెబ్బ తప్పింది. టేలర్ దానిని పాకెట్టులో వేశాడు. ఆ పోటీ మొత్తంలో టేలర్ ముందంజ వేసినది ఆ ఒక్క బంతితోనే!

రెండవది నైన్ బాల్ పూల్. తొమ్మిది బంతులలో తక్కువ అంకె ఉన్నదానిని ముందుగా తాకాలి. నియమం తప్పకుండా తొమ్మిదవదానిని పడగొట్టినవాడు ఆ ఆట గెలుస్తాడు. 1996లో హాంకాంగులో ఫిలిప్పీన్స్‌కు చెందిన ఎఫ్రెన్ రేయెస్, అమెరికాకు చెందిన ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ మూడు రోజులు ఆడారు. ముందుగా 120 ఆటలు గెలిచినవారికి లక్ష డాలర్లు, ఓడినవారికి శూన్యం. చాలాసేపు వెనుకబడి ఉన్న రేయెస్ చివరకు 120-117తో గెలిచాడు.

పట్టికలో మిగిలేది ఈ అంకెలే. 117 ఆటలు గెలిచినవాడు రిక్తహస్తాలతో లేచి వెళ్ళడం పట్టికలో కనబడదు. దానిని చూడవలసిందే.

ఈ మాట మా ఆమదాలవలసవారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఊసవానిపేట నుండి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ అయింది. స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. పిల్లల పాఠాలలో ఉండేది ఇంతవరకే. స్వర్ణ, రజత విజేతలిద్దరూ ఎత్తినది 242.5 కిలోలు. అంటే తేడా రెండున్నర కిలోలు మాత్రమే. చివరి ప్రయత్నానికి ఆమె బార్‌మీద 137.5 కిలోలు పెట్టించింది. అది నిలిచి ఉంటే స్వర్ణమే. నిలువలేదు.

ఆ దృశ్యం తిరిగి చూసిన ప్రతిసారీ ఫలితం మారదని తెలిసే నేను ఊపిరి బిగబడతాను. కాంస్యం చాలునని ఆగక, బంగారం కోసం అంత బరువుకు సిద్ధపడిన సాహసం ఆ కొద్ది క్షణాలలో ఉన్నది. "కాంస్యం" అన్న ఒక్క మాటతో సరిపెడితే ఆ సాహసానికి చరిత్రలో చోటు దక్కదు. డేవిస్ తప్పిన బంతి, స్ట్రిక్‌లాండ్ గెలిచిన 117 ఆటలు కూడా ఆ కోవలోనివే. చరిత్ర బోధించేవారు విజేతల పేర్లతో పాటు ఇటువంటి క్షణాలను కూడా పిల్లలకు చూపించాలని నా మనవి.